మీటరు చెప్పని దిక్కు

ఏలూరులో రామకోటి దుకాణానికి బోర్డు ఉంది గాని, దాని మీద రాసిన పేరుతో ఎవరూ దాన్ని పిలవరు. రామకోటి గారి దగ్గర అంటే చాలు. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల లోతు ఉన్న ఆ గదిని ఒక ప్లైవుడ్ తడిక రెండుగా విడదీస్తుంది. ముందు భాగంలో రామకోటి కార్లకు స్పీకర్లు, లోతు శబ్దాలు పలికించే వూఫర్లు, యాంప్లిఫయర్లు సిద్ధం చేస్తాడు. వెనుక భాగంలో అతని భార్య గంగారత్నం కారు సీట్లకు రెక్సిన్ కవర్లు కుడుతుంది. వూఫర్ పెట్టెలకు కార్పెట్ గుడ్డ అంటించేది కూడా ఆమే. కార్లు మాత్రం బయట రేకుల పందిరి కింద నిలబడతాయి.

రామకోటికి యాభై నాలుగేళ్లు. పుట్టింది కొల్లేరు లోపలి ఊళ్లో. తండ్రి తాటిదోనె మీద వేటకు వెళ్లేవాడు. ముగ్గురు అన్నదమ్ముల్లో ఇద్దరు చేపల చెరువుల పనిలోకి దిగితే, మూడోవాడైన రామకోటి ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు నేర్చుకుని, తాడేపల్లిగూడెంలో పట్టాభిరామయ్య గారి రేడియో షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఆ షాపులో ఒక నియమం ఉండేది. బాగుచేసిన ప్రతి వస్తువు లోపలా, ఏం మార్చామో, మీటరు ఎంత చూపించిందో, ఏ తేదీయో ఒక కాగితం ముక్క మీద రాసి అంటించాలి. ఎవరికీ కనపడని చోట కూడా మనిషి తన పనికి జవాబు చెప్పుకోవాలని పట్టాభిరామయ్య గారు అనేవారు. రామకోటి ఏలూరు వచ్చి సొంత దుకాణం పెట్టుకున్న ఈ ఇరవై మూడేళ్లలోనూ ఆ నియమం తప్పలేదు. అతని చేతి మీదుగా వెళ్లిన ఏ కారైనా సరే, డిక్కీ మూత లోపలి వైపు రెండంగుళాల తెల్ల టేపు ముక్క ఉంటుంది. దాని మీద కాయిల్ నిరోధం, మొత్తం లోడు, ఫ్యూజు, తేదీ వరసగా సన్నటి అక్షరాలతో ఉంటాయి.

అయితే జనం మెచ్చుకున్నది ఆ టేపును కాదు, అతని చెవిని. పని పూర్తయ్యాక రామకోటి డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని అర నిమిషం వినేవాడు. "వెనక కుడి డోరు స్పీకరు వైరు తిరగబడిందండి" అనేవాడు. విప్పి చూస్తే అలాగే ఉండేది. ఇతర ఊళ్ల మెకానిక్కులు సైతం అంతు చిక్కని కార్లను అతని దగ్గరికి పంపేవారు. రామకోటి చెవికి ఒకసారి చూపించండి అనడం ఆ చుట్టుపక్కల ఒక మాటగా స్థిరపడిపోయింది.

ఆ చెవి పాడవుతోందని రామకోటికి కిందటి చలికాలంలో అనుమానం వచ్చింది. ముందు తప్పు పాటల మీద వేశాడు. ఇప్పటి రికార్డింగుల్లో బేసు పలచబడిందనుకున్నాడు. తరువాత దుకాణం ఎదుట ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ సణుగుడు వినిపించడం మానేసింది. యాభై సైకిళ్ల కరెంటుకు ఆ సణుగుడు సెకనుకు వంద కంపనాలని అతనికి తెలుసు. ఎవరో వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసి ఉంటారనుకున్నాడు. ఒక సాయంత్రం గంగారత్నం, "ఈ ట్రాన్స్‌ఫార్మర్ గోల ఎప్పటికి ఆగుతుందో" అని విసుక్కున్నప్పుడు అతని చేతిలోని టంకం కడ్డీ ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది.

ఫిబ్రవరిలో, సరుకు తెచ్చుకోవాలని భార్యతో చెప్పి, విజయవాడ వెళ్లి చెవి డాక్టరుకు చూపించుకున్నాడు. డాక్టరు ఒక శ్రుతిదండాన్ని కొట్టి ముందు అతని చెవి ఎదుట పట్టుకున్నాడు, ఆ తరువాత చెవి వెనుక ఎముకకు ఆనించాడు. చెవి ఎదుట సన్నగా వినిపించింది. ఎముక మీద గట్టిగా వినిపించింది. ఆయన బొమ్మ గీసి చెప్పాడు. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయి. వాటిలో చివరిది బియ్యపు నూక కంటే పెద్దది కాదు. కదలాల్సిన ఆ ఎముక పాతుకుపోతోంది. వయసు వల్ల పోయే వినికిడి సన్నటి శబ్దాలతో మొదలవుతుంది. ఇతనికి లోతైన శబ్దాలు ముందు పోతున్నాయి. మెషిను పెట్టుకోవచ్చు, లేదా ఆపరేషను ఉంది, ప్రాణం మీదికొచ్చేదేమీ కాదు గనుక ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నాడు.

రామకోటి ఇంట్లో మాట్లాడలేదు. వినికిడి గీతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మల్టీమీటరు సంచిలో దాచాడు. అతనిది చెవి గురించిన భయం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ సణుగుడు లేకుండా మనిషి బతకగలడు. కానీ రామకోటి చెవి పోయిందట అనే మాట ఒక్కసారి పుట్టిందంటే కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పాకుతుంది. ఆ రోజు నుంచి తడికకు ఇవతలి భాగంలో పని ఉండదు. ముప్పై ఏళ్లు చేసిన పని తప్ప తనకు మరొకటి రాదు. గంగారత్నంతో చెప్తే ఆమె వెంటనే ఆపరేషను సంగతి ఎత్తుతుంది, ఆమె కంగారు చూసి అందరూ పసిగట్టేస్తారు. మీటరు ఉంది, కళ్లున్నాయి, పెట్టె మీద ఆనించడానికి అరచేయి ఉంది, ఈ మూడింటితో నెట్టుకు రావచ్చని అతను తీర్మానించుకున్నాడు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. సీట్లో కూర్చుని కళ్లు మూసుకోవడం మాత్రం మానలేదు. మానితే ఎవరైనా అడుగుతారు.

జూన్ రెండో వారంలో బుల్లిరాజు గారి కారు వచ్చింది.

బుల్లిరాజు గారికి కైకలూరు అవతల వరి పొలం ఉంది, చేపల, రొయ్యల చెరువులున్నాయి. అరవై ఒకటో ఏడు. కారు డిక్కీలో పన్నెండంగుళాల వూఫర్లు రెండు ఒకే పెట్టెలో ఉన్నాయి. కొడుకు ముచ్చటపడి తెప్పించాడట; కొడుకు వినే పాటలు తనకు పడవు గనుక ఇప్పుడు వాటి మీద తాను నాదస్వరం కచేరీలు వింటున్నాడట.

"ఏమైందండీ దీనికి?" అని రామకోటి అడిగాడు.

"పది నిమిషాలు వాయించి పడుకుంటోందండి, మా మేనల్లుడిలాగ. ఎర్ర లైటు వెలుగుతుంది. ఓ అరగంట గాలి తగిలితే మళ్లీ లేస్తుందండి."

"ఎవరు బిగించారండీ?"

"మా వీరదుర్గ అండి. చెరువుల్లో నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లన్నీ బిగించేది వాడే. పనిమంతుడేనండి పాపం."

రామకోటి డిక్కీ తెరిచి మీటరు కొసలు ఆనించాడు. సున్నా పాయింట్ తొమ్మిది ఓములు. ఒక్కొక్క వూఫరులో నాలుగేసి ఓముల కాయిళ్లు రెండుంటాయి. అంటే మొత్తం నాలుగు కాయిళ్లు. వీరదుర్గ నాలుగింటినీ పక్కపక్కన కలిపేశాడు. నాలుగు ఓముల కాయిల్ మీటరు మీద మూడున్నర చూపిస్తుంది గనుక, నాలుగు కలిస్తే అందులో నాలుగో వంతు. ఈ యాంప్లిఫయరు రెండు ఓముల వరకే ఓర్చుకుంటుంది.

"పక్కపక్కన కలిపితేనే కదండీ బలం?" అన్నాడు బుల్లిరాజు. "మా చెరువులో నాలుగు ఏరియేటర్లుంటే నాలుగూ పక్కపక్కనే కలుపుతామండి."

"ఏరియేటరుకు అదే కరెక్టండి. దానికి వెనకాల ఊరంత లైను ఉంటుంది. ఇక్కడ వెనకాల ఉన్నది ఒక చిన్న ఇంజననుకోండి. మీరు చెరువు తోడే ఇంజనుకు ఒక పైపు తగిలించారు, నీళ్లు పోతున్నాయి. పక్కన ఇంకో పైపు, ఇంకో పైపు, ఇంకో పైపు పెట్టారు. దారి ఎక్కువైంది, నీళ్లు ఎక్కువ లాగుతున్నాయి. ఇంజనేమవుతుందండీ?"

"సెగలెక్కిపోతుంది."

"అదేనండి ఎర్ర లైటు. అది చెడిపోయి ఆగట్లేదు, చెడిపోకుండా ఉండాలని ఆగుతోంది. ఇప్పుడు ఒక్కొక్క వూఫరులో రెండు కాయిళ్లను ఒకదాని చివర ఒకటి కలుపుతాను. పైపు పొడుగైనట్టండి. ఎనిమిది ఓములవుతుంది. ఆ ఎనిమిదీ ఈ ఎనిమిదీ పక్కపక్కన పెడితే నాలుగు. ఇంజను హాయిగా మోస్తుంది."

"రెండు చెయ్యలేరా అండి? రెండు దాకా ఓర్చుకుంటుందన్నారుగా?"

"ఈ నాలుగు కాయిళ్లతో ఒకటి వస్తుంది, నాలుగు వస్తుంది, పదహారు వస్తుంది. రెండు రాదండి."

బుల్లిరాజు గారు మేత దుకాణంలో పనుందని వెళ్లాడు. పెట్టె విప్పాల్సిన అవసరం కూడా కలగలేదు. నాలుగు కాయిళ్ల వైర్లూ పెట్టె వెనుక పక్కన ఎర్ర, నల్ల టెర్మినళ్లకు తెచ్చి ఉన్నాయి. ఎరుపు, నలుపు చూసుకుంటూ రామకోటి కొత్త వైర్లు కలిపాడు. మీటరు మూడున్నర చూపించింది. యాంప్లిఫయరు మీద ఆకుపచ్చ లైటు వెలిగి, గంటన్నర వాయించినా అలాగే నిలిచింది. వూఫర్ల ముందు అదిరే రెండు కోనులూ చక్కగా కదులుతున్నాయి. అరచేయి ఆనిస్తే పెట్టె అదురుతోంది. అతను సీట్లో కూర్చుని అలవాటు ప్రకారం అర నిమిషం కళ్లు మూసుకున్నాడు, దిగి టేపు అంటించాడు. బుల్లిరాజు గారు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే తాళం అందుకుని, చేత్తో దండం పెట్టి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున పది గంటలకు మళ్లీ వచ్చాడు.

"ఎర్ర లైటు రావట్లేదండి. అది నయమైపోయింది" అన్నాడు మొహమాటంగా. "ఏం లేదండి, డోలు ఎడమ పక్క పడట్లేదు."

"అంటే అండీ?"

"డోలుకు కుడి పక్క వేళ్లతో వాయిస్తారు కదండీ, అది గలగలా వినపడుతోంది. ఎడమ పక్క కర్రతో కొడతాడు చూడండి, ఆ దెబ్బ గుండెల మీద పడాలి. అది లేదండి. డోలాయన ఒంటిచేత్తో వాయిస్తున్నట్టుంది. ఇంతకుముందు డోలు అందుకునేలోపే ఆగిపోయేది గనుక తెలియలేదండి."

రామకోటి కారెక్కి కూర్చున్నాడు. బుల్లిరాజు గారు కచేరీ పెట్టాడు. నాదస్వరం స్పష్టంగా ఉంది. వేళ్ల దెబ్బలు ఇసుక చల్లినట్టు విడివిడిగా వినపడుతున్నాయి. కర్ర దెబ్బ వినపడలేదు. కానీ ఈ నాలుగైదు నెలల్లో ఏ కారులోనూ, ఏ పెళ్లి పందిట్లోనూ కర్ర దెబ్బ అతనికి వినపడలేదు. లోపం కారులో ఉందో తనలో ఉందో తేల్చుకోవడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు. దిగి, డిక్కీ దగ్గరకు వెళ్లి, మీటరు పెట్టాడు. మూడున్నర. అరచేయి ఆనించాడు. అదురుతోంది.

"వస్తోందండీ" అన్నాడు. "చెయ్యి పెట్టి చూడండి."

బుల్లిరాజు గారు చెయ్యి పెట్టాడు. "నిజమేనండి. అదురుతోంది" అన్నాడు. తలాడించి, "అయితే నా చెవే అయ్యుంటుందిలెండి. ఆ ఏరియేటర్ల పక్కన నిలబడీ నిలబడీ పాడయినట్టుంది. అరవై దాటాయి కదండీ. మీ చెవి ముందు నాదెంతండీ. ఉంటాను మరి."

ఆయన కారు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు వైపు నడిచాడు. రామకోటి డిక్కీ మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. మూత వేస్తే సరిపోతుంది. ఆ పెద్దమనిషి తన చెవి పాడయిందని నమ్మి కైకలూరు వెళ్తాడు. రేపో మాపో తన భార్యకు ఆ సంగతి చెప్తాడు. ఏ డాక్టరు దగ్గరకో వెళ్తాడు. తనకున్న రోగాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి పంపడం ఇంత తేలికని రామకోటి ఎన్నడూ అనుకోలేదు.

"ఒక్క నిమిషం ఉండండి బుల్లిరాజు గారూ" అన్నాడు. ఆ తరువాత దుకాణం వైపు తిరిగి, "గంగా, ఒకసారి ఇలా రా" అని పిలిచాడు.

గంగారత్నం మెడలో టేపు కొలబద్దతో, చేతిలో సుద్ద ముక్కతో వచ్చింది. "ఏంటండీ?"

"ఆ సీట్లో కూర్చుని విను. కర్ర దెబ్బ ఉందో లేదో చెప్పు."

ఆమె కదల్లేదు. ఇరవై మూడేళ్లుగా ఈ పందిరి కింద ఎన్నో కార్లు పాడాయి. అందులో ఏ ఒక్కదాన్నీ వినమని ఆయన తనను అడగలేదు. ఆమె భర్త ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఆమె సుద్ద ముక్కను పందిరి గుంజ పక్కన పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, కారెక్కి కూర్చుంది.

"లేదండీ" అంది దిగాక. "ఆ రోజూ లేదు. బేసు సరిగ్గా వస్తే లోపల నా గుండుసూదుల డబ్బా చిటచిటలాడుతుంది. మొన్న మీరు గంటన్నర వాయించినా అది ఉలకలేదు. మీరే సౌండు తగ్గించి పెట్టారేమో అనుకున్నాను."

"నా చెవి బాగానే ఉందన్నమాట!" అన్నాడు బుల్లిరాజు గారు, నిజమైన సంతోషంతో.

రామకోటి లోపలికి వెళ్లి గోడ గడియారంలోని పెన్సిల్ బ్యాటరీని తీసుకొచ్చాడు. వూఫర్లు రెండింటినీ కలిపిన వైర్లు ఊడదీశాడు. ఒకటిన్నర వోల్టుల ఆ బ్యాటరీని మొదటి వూఫరుకు ఆనించాడు, ఎరుపుకు ప్లస్సు, నలుపుకు మైనస్సు. కోను ముందుకు పొంగింది. ఆ కదలిక ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వేలి కొస ఆనిస్తే తెలుస్తుంది. రెండో వూఫరుకు అదే బ్యాటరీని, అదే ప్లస్సును ఎరుపుకే ఆనించాడు. కోను లోపలికి ముడుచుకుంది.

ఇది ఏ వూఫరుకైనా బిగించే ముందు చేయాల్సిన పరీక్ష. పట్టాభిరామయ్య గారి షాపులో మొదటి వారంలోనే నేర్పిన పరీక్ష. చెవి అర నిమిషంలో చెప్పే మాటకు బ్యాటరీ ఎందుకని రామకోటి దాన్ని ఎప్పుడో వదిలేశాడు. చెవి పోయాక తన దగ్గర మిగిలినవి మీటరు, కళ్లు, అరచేయి అని లెక్కపెట్టుకున్నాడే గాని, ఆ మూడింటిలో ఒక్కదానికైనా దిక్కు తెలుస్తుందా అని ఆలోచించలేదు. కాయిల్‌ను ఎటు తిప్పి కొలిచినా మీటరు మూడున్నరే అంటుంది. ఒక కోను ముందుకు, ఒకటి వెనక్కి కదిలినా పెట్టె అదురుతూనే ఉంటుంది. ఒకటి తోసిన గాలిని రెండోది పీల్చేస్తుంది గనుక, కారులో కూర్చున్న మనిషి దాకా మాత్రం ఏమీ రాదు.

రామకోటి రెండో వూఫరు మరలు విప్పి పైకి తీశాడు. లోపల రెండు కాయిళ్ల వైర్లూ తారుమారుగా ఉన్నాయి. పొరపాటున తగిలించినట్టు లేదు. తిప్పి, మెలిపెట్టి, నల్ల టేపు నున్నగా చుట్టి ఉంది. శ్రద్ధగా చేసిన పని.

బుల్లిరాజు గారు అక్కడికక్కడే ఫోను తీసి వీరదుర్గను పిలిచి, మాట అందరికీ వినపడేలా పెట్టాడు. "ఒరేయ్, ఆ రెండో వూఫరు వైర్లు నువ్వు తిరగేశావా?"

"అవునండి" అని అవతల నుంచి వీరదుర్గ ధైర్యంగా అన్నాడు. "మొదట్లో గుర్రుమని ఆగిపోతోంది కదండీ. రెండోది రివర్సు తిరుగుతోందేమోనని మార్చానండి."

"అది తిరగడమేంట్రా!"

"ఏరియేటరు చక్రం ఎదురు తిరిగితే రెండు వైర్లు మారుస్తాం కదండీ. తిన్నగా అయిపోదాండీ?"

"నీళ్లలో దించలేదు, అదృష్టం! రేపు నా ఫ్యాను జోలికి వెళ్లకు" అని బుల్లిరాజు గారు ఫోను పెట్టేసి పకపకా నవ్వాడు.

వైర్లు సరిచేసి, బ్యాటరీ పెట్టి రెండు కోనులూ ఒకే వైపు పొంగుతున్నాయని వేలితో చూసి, పెట్టె బిగించి, రామకోటి కచేరీ పెట్టాడు. అతనికి నాదస్వరం వినిపించింది, వేళ్ల దెబ్బలు వినిపించాయి. బుల్లిరాజు గారి గడ్డం దానంతట అదే తాళం వేయడం మొదలుపెట్టింది. గంగారత్నం తడిక వెనక్కి వెళ్లి సూదుల డబ్బా తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆ డబ్బా అతని అరచేతిలో చిన్న పురుగులా మెదిలింది.

"అదండీ! ఆ దెబ్బ!" అన్నాడు బుల్లిరాజు గారు. "మా వాడు చేసిన పనికి మిమ్మల్ని అనుమానించానండి. మీ తప్పు వీసమెత్తు లేదు."

రామకోటి పాట ఆపేశాడు.

"వైర్లు మార్చింది వాడేనండి" అన్నాడు. "పట్టుకోవాల్సింది నేను. మొన్న నేను ఆ సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నానే, అప్పుడు నాకేమీ వినపడలేదండి. ఇందాక కూడా వినపడలేదు. లోతు శబ్దాలు నాకు వినపడటం లేదు. ఫిబ్రవరిలో డాక్టరు చెప్పాడు. మీ చెవి పాడయిందని మీరు అన్నప్పుడు ఊరుకోబోయానండి."

బుల్లిరాజు గారు డిక్కీ మూత లోపలి తెల్ల టేపు వైపు చూశాడు. కళ్లజోడు పెట్టుకుని అందులో ఉన్నదంతా చదివాడు.

"రామకోటి గారూ, మీదీ కొల్లేరే కదండీ. నేను ముప్పై ఏళ్లుగా చేపలు, రొయ్యలు పెంచుతున్నాను. నీళ్లలో ఉన్న చేపను ఏనాడన్నా చూశానా అండి? నీళ్లలో వేలాడదీసిన మేత గోతం పైకి లాగి చూస్తాను. తవుడు మిగిలితే వాటికి ఒంట్లో బాగాలేదని, ఖాళీ అయితే బాగుందని. కనపడట్లేదని ఎవరైనా చెరువు మానేశారా?"

రామకోటి డిక్కీ మూత వేసి తాళం ఆయన ముందుకు చాచాడు.

"మంగళవారం మా బావమరిది బండి పంపిస్తాను" అన్నాడు బుల్లిరాజు గారు తాళం అందుకుంటూ. "వాడిది కూడా వీరదుర్గే బిగించాడు. ఏం తిరగేశాడో ఏంటో. చెల్లెమ్మగారు ఉంటారు కదండీ మంగళవారం?"

"ఉంటానండి అన్నయ్యగారూ" అంది గంగారత్నం.

కారు రోడ్డెక్కి ట్రాన్స్‌ఫార్మర్ దాటి వెళ్లేదాకా ఇద్దరూ నిలబడి చూశారు. రామకోటి మీటరు సంచిలోంచి మడత కాగితం తీసి ఆమెకిచ్చాడు. గంగారత్నం దాన్ని విప్పి, ఎడమ పక్క దిగువన ఉండి కుడి పక్కకు ఎక్కుతున్న గీతలను చాలాసేపు చూసింది. చదువు పదో తరగతితో ఆగినా, గీత ఎక్కడ కింద ఉందో తెలుసుకోవడానికి అది చాలు.

"ఫిబ్రవరి పదకొండు" అని తేదీ చదివింది. "ఆ రోజు సరుకు తేవడానికని వెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. షాపు మూసేశారన్నారు."

"అవును."

"అక్కడికి ఒంటరిగా వెళ్లారు."

"అవును."

"ఈ శుక్రవారం ఇద్దరం వెళ్దాం. మెషినో, ఆపరేషనో ఆయన చెప్పింది నేను కూడా వినాలి" అంది. కాగితాన్ని అవే మడతల మీద మళ్లీ మడిచి, తన జాకెట్టులో పెట్టుకుంది. కొంతసేపటికి ఆమె ముఖంలో ఏదో మారింది. ఒక్కసారిగా లెక్క తేలిన మనిషిలా అతని వైపు తిరిగింది.

"అయితే మీరు ఈ మధ్య అంత నెమ్మదిగా మాట్లాడుతున్నది దీనివల్లేనా?"

"నెమ్మదిగానా?"

"సంక్రాంతి వెళ్లినప్పటినుంచీ. గంగా అని పిలిచినా పూవు పెట్టినట్టుండేది. ఊళ్లో అందరూ మెత్తగానే మాట్లాడతారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు గాని, నేను కనిపెట్టాను."

రామకోటి ఆలోచించాడు. డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. "మన గొంతు మనకు ఎముక గుండా కూడా వినపడుతుంది. బయటి శబ్దాలు తగ్గిపోయేసరికి అది పెద్దగా తోస్తుంది. అరుస్తున్నానేమో అనుకుని మనిషి తగ్గించి మాట్లాడతాడు. ఈ జబ్బులో అది మామూలే అన్నాడు."

"అంతేనా?" అంది గంగారత్నం. "నేనింకా ఇన్నేళ్లకు మీకు నా మీద ప్రేమ పెరిగిందనుకున్నాను. పక్కింటి వాళ్లతో చెప్పుకున్నాను కూడా."

అతను బ్యాటరీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. నేల చూస్తూ ఏదో అన్నాడు.

"ఏంటండీ?"

మళ్లీ అన్నాడు.

"నాకు వినపడలేదు. గట్టిగా చెప్పండి."

రామకోటి తలెత్తి, తన చెవులకు అరుపులా తోచేంత గొంతుతో, "అది కూడా నిజమే అన్నాను" అన్నాడు. పక్క కొట్లో టైరు విప్పుతున్న ప్రసాదరావు పని ఆపి, ఈ ఇద్దరూ దేనికి పోట్లాడుకుంటున్నారా అని తొంగి చూశాడు. గంగారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.